మంచు ఊళ్లో ఒక చలికాలం... ఏ ఊళ్లో?

సంక్రాంతి ముగ్గులు ఇంకా చెరిగిపోకముందే మా మాక్లూర్‌లో పసుపు తవ్వకం మొదలవుతుంది. తవ్విన పసుపులో కొమ్ము వేరు, మండ వేరు చేయాలి. ఉడకబెట్టాలి. పక్షం రోజులు ఎండబెట్టాలి. డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టాలి. అప్పుడు గాని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలడానికి వీల్లేదు. ఈ మధ్యలో నాలుగు చినుకులు పడ్డాయా... రంగు పోతుంది, రంగుతో పాటు ధరా పోతుంది. ముప్ఫై నాలుగేళ్లుగా మా ఆవిడకు జనవరి నుంచి మార్చి దాకా తెలిసిన లోకం ఇదే. నేను బడిపంతుల్ని. పొద్దున్నే సంచి తగిలించుకుని బడికి వెళ్లిపోయేవాణ్ని. చేను ఆమెది, కూలీలు ఆమె బాధ్యత, ఉడకబెట్టే రాత్రుల నిద్ర ఆమెకే కరువు. చేతులకు పట్టిన పసుపు ఉగాదికి గాని వదిలేది కాదు.

2023లో నేను రిటైరయ్యాను. 'ఇన్నేళ్లూ నీకంటూ ఏమీ అడగలేదు, ఇప్పుడు ఏం కావాలో అడుగు' అన్నాను కాస్త దర్జాగా. బంగారమో, తిరుపతో అంటుందనుకున్నాను.

'ఒక్క చలికాలం పసుపు లేని కాడ ఉండాలె. మంచు పడే కాడ. పోయి చూసొచ్చుడు గాదు... ఉండుడు' అంది.

ఆ కోరిక ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2014 మే 25న మా జిల్లా సిరికొండ మండలం పాకాల పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. పద్నాలుగేళ్లు కూడా నిండని పిల్ల! ఇంకో ఎనిమిది రోజుల్లో తెలంగాణ రాష్ట్రం వస్తుందన్న సందడిలో ఉన్నాం అప్పుడు. టీవీలో ఆ అమ్మాయిని చూస్తూ మా ఆవిడ అన్న మాట ఇంకా గుర్తుంది: 'గా పిల్ల అంత ఎత్తు ఎక్కొచ్చింది. నేను మంచు ముట్టనన్న ముట్టలే.' ఆ తర్వాత పూర్ణ ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ 2022 నాటికి ఎక్కేసింది. మా ఆవిడ మాత్రం పసుపు చేలోనే ఉండిపోయింది.

నాకూ ఒక పిచ్చి ఉంది. దూరదర్శన్ రోజుల్లో శీతాకాల ఒలింపిక్స్ ముక్కలు ముక్కలుగా చూపించేవారు. కాళ్లకు రెండు పొడవాటి చెక్కలు కట్టుకుని కొండ మీంచి జారిపోయే ఆ మనుషుల్ని చూసి పక్షులనుకునేవాణ్ని. అరవై దాటాక పక్షినవుతానన్న భ్రమేమీ లేదు. పిల్లల వాలు మీద పది గజాలు జారి, పడకుండా ఆగగలిగితే చాలు. అలా ఆమె కోరిక, నా పిచ్చి కలిసి ఒక ప్రశ్నగా మారాయి. స్కీయింగ్ చేసే ఊళ్లలో ఒక చలికాలమంతా కాపురం ఉండటానికి ఏది మంచిది?

ఇక్కడో చిన్న మాట. మన భాషలో పొద్దున గడ్డి మీద తడి మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేసేది మంచే, హిమాలయాల మీద తెల్లగా పేరుకునేదీ మంచే. కాబట్టి 'మంచు చూడాలని ఉంది' అంటే మా బంధువులు 'డిసెంబర్‌లో పొద్దున ఐదింటికి రోడ్డెక్కు, కావలసినంత' అన్నారు. ఇంకొందరు లంబసింగి పొమ్మన్నారు. లంబసింగి మంచి ఊరే. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, చింతపల్లి అడవులు, కాఫీ, మిరియాలు. చలి ముదిరిన రాత్రుల్లో గడ్డి మీద మంచుబిందువులు గడ్డకడతాయి కూడా. కానీ చెక్కలు కట్టుకుని జారడానికి అది చాలదు. మా మేనల్లుడైతే దుబాయ్ నుంచి ఫోటో పంపాడు. అక్కడో షాపింగ్ మాల్‌లో 2005లో కట్టిన మంచు వాలు ఉంది కదా, దాని అద్దాల ముందు నిలబడి దిగాడు. 'మామా, మన ఇంట్ల మంచు ముందు చూసింది నేనే' అని రాశాడు. ఎడారిలో పని చేస్తూ, అద్దం ఇవతలి నుంచి!

చక్కెర ఊరు, మంచు ఊరు

ఊరు ఎంచుకోవడానికి నాకు తెలిసిన కొలబద్ద ఒకటే ఉంది. అది బోధన్.

మా నాన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీలో సీజన్ కార్మికుడు. 1937లో ఏడో నిజాం కాలంలో పుట్టిన ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని చెప్పుకునేవాళ్లం. దాని చుట్టూ ఊరే వెలిసింది, పేరు కూడా శక్కర్‌నగర్. చెరకు బండ్లు బారులు తీరే నెలల్లో ఆ ఊరి కళే వేరు. హోటళ్లు కిటకిట, కిరాణా దుకాణాల్లో ఖాతాలు తీరిపోవడం, సినిమా హాళ్లు నిండిపోవడం. సైరన్ మోతతోనే ఊరు లేచేది, సైరన్ మోతతోనే తినేది. క్రషింగ్ ఆగిన వారానికి అదే బజారులో ఈగలు తోలుకునేవారు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ పూర్తిగా మూతపడింది. ఒక్క పంట మీద, ఒక్క సీజన్ మీద బతికే ఊరు ఎలా ఉంటుందో మా బోధన్ వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

స్కీయింగ్ ఊళ్లూ సరిగ్గా ఇంతే. మాకు చెరకు, వాళ్లకు మంచు. మాకు నవంబర్ నుంచి మార్చి, వాళ్లకు డిసెంబర్ నుంచి మార్చి. మంచు పడితే గదులు, జీపులు, అద్దె బూట్లు, టీ కొట్లు అన్నీ నడుస్తాయి. పడకపోతే ఏమీ లేదు. అమెరికాలో ఆస్పెన్ అనే ఊరు ఇంకా విచిత్రం. అది మొదట వెండి గనుల ఊరు. 1893లో వెండి ధర కుప్పకూలి ఊరు పాడుబడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్కీయింగ్ దాన్ని మళ్లీ లేపింది. ఎంతలా లేపిందంటే, ఇప్పుడు అక్కడ పనిచేసే వాళ్లకే ఆ ఊళ్లో ఇల్లు అద్దెకు దొరకడం గగనం. అందుకే నేను మొదట్నుంచీ చూసింది వాలు ఎంత బాగుందని కాదు. మంచు పడని వారంలో కూడా ఆ ఊళ్లో పొయ్యి వెలుగుతుందా లేదా అని.

ఔలి: గోడల మీద గీతలు

ఔలి మాకు ముందే కొంత తెలుసు. 2018 వేసవిలో బదరీనాథ్ యాత్రకు వెళ్తూ జోషిమఠ్‌లో రెండు రాత్రులు ఆగాం. శంకరాచార్యుల మఠం, నరసింహస్వామి గుడి... మనవాళ్లకు కొత్త ఊరులా అనిపించదు. స్వామి ముంజేయి ఏటేటా సన్నబడుతోందని, అది విరిగిన రోజున బదరీ దారి మూసుకుపోతుందని అక్కడో కథ చెబుతారు. ఊళ్లోంచి ఔలికి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే. కింద 1,900 మీటర్లు, పైన 3,000 మీటర్లు. మేం వెళ్లింది వేసవి కాబట్టి పైన మంచు లేదు, పచ్చిక ఉంది. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. మా ఆవిడ అరగంట పాటు మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. ఔలి వాలు కొత్తవాళ్లకు చాలా మంచిదని పేరు. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు అక్కడే జరిగాయి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారు వారం, రెండు వారాల స్కీయింగ్ కోర్సులు నడిపే చోటు.

అన్నీ బాగున్నాయి. కానీ 2023 జనవరిలో జోషిమఠ్ గోడలు బీటలు వారాయి. వందల ఇళ్లకు పగుళ్లు. చలి మధ్యలో కుటుంబాలు సామాన్లు సర్దుకుని వేరే చోట్లకు వెళ్లాల్సి వచ్చింది. రోప్‌వే కూడా ఆ నెలలోనే ఆగిపోయింది. పాత కొండచరియల మట్టి మీద కట్టిన ఊరది, బరువు మోయలేదు అని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. విన్నవారెవరు? 2024లో ఊరి పేరు జ్యోతిర్మఠ్‌గా మార్చారు గానీ నేల మారదు కదా.

మేం బస చేసిన ఇంటాయనకు ఆ జనవరిలో ఫోన్ చేశాను. గోడ మీద గీతలు పెట్టి తేదీలు రాస్తున్నానని చెప్పాడు, పగులు ఎంత పెరిగిందో చూడటానికి. తన ఇల్లు తాను కాపాడుకోలేని మనిషి దగ్గర మేం గది అద్దె అడగటం ఏమిటనిపించింది. ఔలిని అక్కడే పక్కన పెట్టాం. యాత్రకు మళ్లీ వెళ్తాం. కాపురానికి మాత్రం కాదు.

గుల్‌మార్గ్: ఉర్దూ చదవడం పనికొచ్చింది

స్కీయింగ్ ఒక్కటే చూస్తే ఇక మాటల్లేవు. మన దేశంలో గుల్‌మార్గ్ తర్వాతే ఏదైనా. బ్రిటిష్ వాళ్లు 1927లోనే అక్కడ స్కీ క్లబ్ పెట్టారు. ఊరి ఎత్తు సుమారు 2,650 మీటర్లు. గొండోలా అనే తీగబండి మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో వచ్చాయి. రెండోది మిమ్మల్ని అఫర్వాట్ కొండ భుజం మీద, దాదాపు 3,950 మీటర్ల ఎత్తున దించుతుంది. అక్కణ్నుంచి కిందికి చూస్తే నా పది గజాల కోరిక మీద నాకే జాలేసింది.

మేం వెళ్లింది 2025 ఫిబ్రవరి మూడో వారంలో. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరగాలి. జరగలేదు. మంచు లేదు! వాలు మీద గడ్డి కనపడుతోంది. పోటీలు వాయిదా వేశారు. స్లెడ్జి బండ్లు లాగే కుర్రాళ్లు ఎండలో బారులు తీరి కూర్చున్నారు. వాళ్ల మొహాలు చూస్తే నాకు శక్కర్‌నగర్ గేటు ముందు చెరకు బండ్ల కోసం ఎదురుచూసే హమాలీలే గుర్తొచ్చారు. చివరికి నెలాఖరున మంచు దట్టంగా పడింది, మార్చి 9 నుంచి 12 దాకా ఆటలు జరిగాయి. అప్పటికి మేం ఇల్లు చేరాం.

కశ్మీరీలకు చలికాలం లెక్కలు పక్కాగా ఉంటాయి. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లయ్ కలాన్, అంటే పెద్ద చలి. తర్వాత ఇరవై రోజులు చిన్న చలి, ఆపైన పది రోజులు పిల్ల చలి. మనకు కార్తెలున్నట్టే. పెద్ద చలిలో పడ్డ మంచే నిలుస్తుందని, వేసవిలో వాగులకు, తోటలకు నీళ్లిచ్చేది అదేనని, తర్వాత పడేది అతిథిలాంటిదని మా జీపు డ్రైవరు చెప్పాడు. మంచు లేకపోతే పోయేది సైలానీల సరదా ఒక్కటే కాదన్నమాట. ఫెరన్ అనే పొడవాటి అంగీ, దాని లోపల పొట్ట దగ్గర కాంగ్డీ, అంటే అల్లిన బుట్టలో నిప్పుల కుండ. మా ఆవిడకు అది తెగ నచ్చింది. 'మన గొంగడి, కుంపటి రెండూ కలిపి కుట్టినట్టున్నది' అంది.

నాకు అక్కడ దొరికిన ఆనందం వేరు. మా నాన్న నిజాం కాలం చదువు, ఉర్దూ మీడియం. చిన్నప్పుడు సాయంత్రాలు నాకూ అక్షరాలు నేర్పాడు. తెలంగాణలో ఆ చదువుతో నాకు ఒరిగింది పెద్దగా లేదు. టంగ్‌మార్గ్ బజారులో దుకాణాల బోర్డులు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదువుతుంటే రొట్టెల కొట్టు ముసలాయన పిలిచి కూర్చోబెట్టాడు. మా నిజామాబాద్ ఉర్దూ విని పడీ పడీ నవ్వాడు. 'నక్కో' అనే మాట ఆయనకు అస్సలు తెలియదు. నూన్ చాయ్ ఇచ్చాడు. గులాబీ రంగు, ఉప్పగా ఉంటుంది. మా ఆవిడ ఒక్క గుటకతో ఆపేసింది, నేను మొహమాటానికి రెండు కప్పులు తాగాను.

ఈ టంగ్‌మార్గ్ సంగతి ముఖ్యం. గుల్‌మార్గ్ నిజానికి ఊరు కాదు. హోటళ్లు, సైన్యం, దుకాణాలు. అక్కడ పనిచేసే వాళ్లలో చాలామంది పొద్దున కింద టంగ్‌మార్గ్ వైపు పల్లెల నుంచి పదమూడు కిలోమీటర్లు పైకి వచ్చి, సాయంత్రానికి దిగిపోతారు. 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ ప్రాంతం బిడ్డే. కాపురం ఉండాలంటే టంగ్‌మార్గ్‌లో ఉండాలి. గది కూడా చూశాం. కట్టెల పొయ్యి, మందపాటి కార్పెట్, కిటికీలోంచి ఆపిల్ తోట. దాదాపు ఖాయం చేసుకున్నంత పని చేసి వచ్చాం.

ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసి ఒకే మాట అంది. 'నాన్నా, వద్దు.' ఆ ఇంటాయన కూడా ఫోన్ చేశాడు. అద్దె గురించి కాదు, క్షమాపణ చెప్పడానికి. ఆయన ఎందుకు చెప్పాలి? నేను ఏం అనాలో తెలియక మా నాన్న నేర్పిన ఉర్దూలో ఉన్న మర్యాద మాటలన్నీ వాడేశాను. జూన్‌లో చీనాబ్ వంతెన మీదుగా కట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు మొదలైంది. ఒక రోజు ఆ రైల్లోనే వెళ్తాం, చెప్పాపెట్టకుండా ఆ రొట్టెల కొట్టుకు పోతాం. కానీ ఒక చలికాలమంతా అమ్మాయి రోజూ వార్తలు చూస్తూ భయపడుతుంటే ఇక్కడ మేం హాయిగా కాంగ్డీ కాచుకోలేం.

మనాలి: మొబైల్ మోగని పల్లె

మనాలికి మేం అంతకు ముందు ఏడాదే, 2024 జనవరి మూడో వారంలో వెళ్లి ఉన్నాం. నాందేడ్ దాకా వెళ్లి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గురుద్వారా యాత్రికుల మధ్య, వాళ్లు పంచే రొట్టెలు తింటూ ఉత్తరాదికి చేరిపోవచ్చు. అంబాలాలో దిగి, కొండ బస్సు పట్టుకున్నాం. తెల్లారేసరికి బియాస్ నది పక్కన ఉన్నాం.

నిజం చెప్పాలంటే మనాలి మాల్ రోడ్డు నాకు నచ్చలేదు. హనీమూన్ జంటలు, మోమోలు, కార్ల హారన్లు. హైదరాబాద్ కోఠి తెచ్చి చలిలో పెట్టినట్టుంది. పైగా ఆ ఏడాది హిమాచల్ అంతా జనవరి పొడిగా గడిచింది. సోలంగ్ లోయ గోధుమరంగులో ఉంది. దారి పొడవునా అద్దె ఓవర్‌కోట్ల దుకాణాలు, నంబర్లు రాసిన గమ్‌బూట్లు. ఖాళీ దుకాణంలో కోటు అద్దెకిచ్చే ఆమె 'మంచు లేకపోయినా ఫోటోకైనా వేసుకోండి' అని బతిమాలింది. వేసుకున్నాం. 2020 అక్టోబర్‌లో ప్రారంభమైన అటల్ సొరంగం తొమ్మిది కిలోమీటర్లు దాటి లాహౌల్ వైపు పోతే అక్కడక్కడా తెల్లటి మరకలు. మా ఆవిడ వంగి ఒక పిడికెడు ముట్టుకుంది. గట్టిపడి మురికిగా ఉన్న పాత మంచు. 'ఇదేనా?' అన్నట్టు నా వైపు చూసింది.

ఆ రోజు తిరిగి వస్తూ గోశాల్ అనే పల్లె దగ్గర ఆగాం. ఊరు ఊరంతా గుసగుసలు. టీవీ లేదు, రేడియో లేదు, గుడి గంట మోగదు, మొబైళ్లు మూగబోయాయి. ఎవరైనా పోయారేమో అనుకున్నాను. కాదు. ప్రతి మకర సంక్రాంతి నుంచి 42 రోజుల పాటు అక్కడ తొమ్మిది ఊళ్లు ఇలాగే ఉంటాయట. గోశాల్, శనాగ్, బురువా, సోలంగ్, పల్చాన్... ఆ కాలంలో గౌతమ రుషి, వ్యాసుడు, నాగదేవత తపస్సులో ఉంటారని, లేదా స్వర్గానికి వెళ్లి ఉంటారని నమ్మకం. చప్పుడు చేస్తే కోపం వస్తుంది. అన్నింటికన్నా ముఖ్యం, పొలంలో పనిముట్టు దించకూడదు. మట్టి కదిలించకూడదు.

ఈ ఆఖరు మాట వినగానే మా ఆవిడ నిలబడిపోయింది. 'సంక్రాంతి నుంచి నలభై రెండు రోజులు పార ముట్టొద్దని దేవుడే చెప్పిండా?' అని రెండుసార్లు అడిగించింది. అవునన్నారు. ఆమె కాసేపు ఆ బీడు పొలాల వైపు చూసి, 'మన దేవుళ్లకు ఈ ఆలోచన ఎందుకు రాలే?' అంది. మాక్లూర్‌లో సరిగ్గా ఆ రోజుల్లోనే కదా గడ్డపారలు దిగేది!

జనవరి ఆఖరి రోజున మంచు పడింది. రాత్రి పడుకునేటప్పుడు ఆకాశం బూడిద రంగులో ఉంది, తెల్లారి తలుపు తీస్తే లోకమే మారిపోయింది. చప్పుడు లేదు. వర్షం లాగా అది వచ్చే ముందు చెప్పదు. మా ఆవిడ చెప్పుల్లేకుండా గడప దాటి, రెండు క్షణాల్లో కేక పెట్టి లోపలికొచ్చి, మళ్లీ వెళ్లింది. ఆ తర్వాతి సంగతులు అంత అందంగా లేవు. కరెంటు పోయింది. రోడ్లు మూసుకుపోయాయి. కుళాయిలో నీళ్లు గడ్డకట్టాయి. రాత్రి కుళాయి సన్నగా కారేలా వదిలేస్తే పైపు పగలదని మాకెవరూ చెప్పలేదు. మూడు రోజులు ఇంటామె వంటింట్లోనే గడిపాం. మధ్యలో రేకు పొయ్యి, దాని గొట్టం పైకప్పు దాటి బయటికి. సిడ్డూ అనే ఆవిరి రొట్టె చేసి, మీద నెయ్యి ధారగా పోసి పెట్టింది. ఇద్దరు ఆడవాళ్లకూ భాష సరిగ్గా కలవదు. అయినా నడుం నొప్పి గురించి, కోడళ్ల గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నారు. వేసవంతా కొండ మీంచి గడ్డిమోపులు, కట్టెలు మోసిన వీపు ఆమెది. ఆమెకూ ఆ 42 రోజులే సెలవట.

నాలుగో రోజు నేను సోలంగ్‌లో స్కీలు కట్టుకున్నాను. నేర్పే కుర్రాడు మొదట చెప్పింది జారడం కాదు, ఆగడం. ముందు కొసలు దగ్గరికి, మడమలు దూరంగా, మోకాళ్లు కొంచెం వంచి. నాగలి కర్రులా. ఇరవై మూడుసార్లు పడ్డాను, మా ఆవిడ లెక్కపెట్టింది. ఇరవై నాలుగోసారి ఆగాను.

ఈ లోయ మీద స్కీయింగ్ చరిత్ర తక్కువేమీ కాదు. పర్వతారోహణ సంస్థ మనాలిలో 1961 నుంచి ఉంది, స్కీయింగ్ కూడా నేర్పుతుంది. అంతర్జాతీయ స్కీయింగ్‌లో మన దేశానికి తొలి పతకం 2018లో టర్కీలో తెచ్చిన ఆంచల్ ఠాకూర్‌ది ఆ మౌనం పాటించే బురువా ఊరే. ఆరు శీతాకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్న శివ కేశవన్ పెరిగింది వశిష్ఠ్‌లో. వాళ్ల నాన్న కేరళ మనిషి! దక్షిణాది వాళ్లు మంచులో నిలదొక్కుకోగలరనడానికి నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వంటింటి లెక్క, గుండె లెక్క

ఊరు నిర్ణయించేటప్పుడు మేం ఇద్దరం కాగితం మీద రాసుకున్నవి చాలా మామూలు విషయాలు. మొదటిది అన్నం. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. మనాలి 2,050 మీటర్ల దగ్గర 93 డిగ్రీలకే. పప్పు మామూలు గిన్నెలో ఎంతకీ ఉడకదు, కుక్కర్ తప్పనిసరి. పిండి పులియదు, కాబట్టి దోసె ఆశ వదులుకోవాలి. జొన్నరొట్టెకు ఆ బాధ లేదు. చింతపండు, కారం, జొన్నపిండి ఇక్కణ్నుంచే మోయాలి.

రెండోది గుండె. నాకు బీపీ ఉంది. 2,500 మీటర్లు దాటాకే ఎత్తు జబ్బు ఎక్కువగా కనిపిస్తుందని మా డాక్టరు చెప్పాడు. పగలు సోలంగ్‌కు వెళ్లినా రాత్రి మనాలి దగ్గర కిందికొచ్చి పడుకుంటే మంచిదన్నాడు. గుల్‌మార్గ్‌లో పడకే అంతకన్నా ఎత్తున ఉంటుంది. మూడోది ఆసుపత్రి. మనాలిలో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న మిషన్ ఆసుపత్రి ఉంది. నాలుగోది నిప్పు. గది తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోతే మళ్లీ లేవని వాళ్ల వార్తలు ప్రతి చలికాలం వస్తూనే ఉంటాయి. పొగగొట్టం ఉన్న పొయ్యి లేని గది ఎంత చవకైనా వద్దని రాసుకున్నాం.

ఇక ప్రమాదం మాట. 2023 జులైలో బియాస్ పొంగి మనాలి రోడ్లను, ఇళ్లను ఊడ్చుకుపోయింది. 2025 వర్షాకాలంలో మళ్లీ దెబ్బతింది. కానీ అది వానాకాలం కథ. మేం ఉండేది చలికాలం, అదీ నది ఒడ్డుకు దూరంగా. మంచు పడని వారం వస్తే? ఆపిల్ తోటలున్న ఊరు, బజారు, బస్సులు, బడి ఉన్న ఊరు. పొయ్యి వెలుగుతుంది. నా బోధన్ కొలబద్దకు మనాలి ఒక్కటే నిలబడింది.

అయితే మనాలి ఊళ్లో కాదు. మూడు రోజులు మమ్మల్ని సాకిన ఆ ఇంటామె చుట్టాలది శనాగ్‌లో ఒక ఇల్లుంది. రెండు గదులు, రేకు పొయ్యి, దక్షిణం వైపు కిటికీ. సోలంగ్ వాలు దగ్గర, ఆసుపత్రి కూడా మరీ దూరం కాదు. అద్దె నా పింఛనులో మూడో వంతు. ఒకటే షరతు పెట్టారు. సంక్రాంతి నుంచి టీవీ ఉండదు, గట్టిగా మాట్లాడకూడదు, ఫోన్ మోగకూడదు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. చివరికి రోజూ సాయంత్రం ఆరింటికి నేను రోడ్డు దాకా నడిచి వచ్చి ఫోన్ చేసేట్టు రాజీ కుదిరింది.

రాబోయే చలికాలానికి చేను కౌలుకిచ్చేశాం. 2025 సంక్రాంతి నాడే నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. అందరూ పసుపు పెంచుదామంటున్న రోజుల్లో మీరు వదిలేస్తున్నారేమిటని కౌలుదారు ఆశ్చర్యపోయాడు. ఒక్క ఏడాదే అని చెప్పాను. మనిషి మంచివాడే గానీ పసుపుకు కొత్త. ఎప్పుడు తవ్వాలి, ఎంతసేపు ఉడకబెట్టాలి, మండ ముందా కొమ్ము ముందా... అన్నీ మా ఆవిడనే అడుగుతాడు. నిన్న కూడా వచ్చి, 'పెద్దమ్మా, ఉడకబెట్టే నాడు ఫోన్ చేస్త, జర చెప్పు' అన్నాడు.

'సంక్రాంతి లోపల ఏమన్న ఉంటే అడుగు. ఆ తర్వాత ఫోన్ మోగదు' అంది మా ఆవిడ. చేతిలో పని ఆపకుండానే. ఆ చేతిలో ఉన్నది మేకల బొచ్చు కలవని అసలు గొర్రె ఉన్ని గొంగడి. మూడు మూరలు కత్తిరించి, రెండు వైపులా మడిచి, ఫెరన్‌లా కుడుతోంది.